జేబులో ఉన్న సంగతి ఫోనుకు తెలుసు
ఫోన్ల తయారీ కంపెనీలకు, కేంద్ర టెలికాం శాఖకు ఒక సెల్ రిపేరు షాపు యజమాని బహిరంగ లేఖ

మొబైల్ ఫోన్లు తయారు చేసి మన దేశంలో అమ్ముతున్న కంపెనీల బాధ్యులకు, కేంద్ర టెలికాం శాఖ అధికారులకు నమస్కారం.

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా 18 ఏళ్లుగా సెల్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఫోన్లు చెడిపోతేనే నాకు రోజు గడుస్తుంది కాబట్టి మీ మీద నాకు పగ లేదు. కానీ చెడిపోని ఫోను పట్టుకుని జనం నా కౌంటరు ముందు నిలబడితే ఏం చేయాలో తోచడం లేదు. "అన్నా, జేబులో ఉండగా ఇది దానంతటదే ఎవరెవరికో ఫోన్లు చేస్తోంది, దీనికేమైనా దయ్యం పట్టిందేమో చూడు" అంటారు. విప్పి చూస్తే బోర్డు బాగానే ఉంటుంది, డిస్‌ప్లే బాగానే ఉంటుంది. చెమటకు తడిసిన చొక్కా గుడ్డనూ, దాని వెనక ఉన్న ఒంటినీ చూసి ఫోను మనిషి వేలనుకుంటోంది. అంతే.

ఈ విషయం మీద ఒక కంపెనీ సర్వీసు విభాగానికి నిరుడు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు. రెండోదానికి ఫోనులో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోమన్నారు. మూడోదానికి జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఒక మేస్త్రి సంగతి చెప్పాలి. మా పక్క ఊళ్లో తాపీ పని చేస్తారు, యాభై దాటిన మనిషి. ఒక రోజు కాంట్రాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆ ఫోనును చొక్కా జేబులో వేసుకుని పరంజా ఎక్కారు. కాల్ ముగిసినా స్క్రీను ఇంకా వెలుగుతూనే ఉంది, పైన ఆఖరి కాల్ వివరాలు, అందులో కాంట్రాక్టరు పేరు. ఆ పేరు మీద ఎక్కడ తాకినా మళ్లీ కాల్ వెళ్తుంది. తాకింది మేస్త్రి గుండె. మూడు వారాల కూలి బాకీ పెట్టిన ఆ కాంట్రాక్టరు గురించి మేస్త్రి తన తోటి కూలీతో ఏమేం మాట్లాడుకున్నారో నేను రాయను, మీరు ఊహించుకోండి. అవతల ఆయన 40 నిమిషాలు ఓపిగ్గా విన్నాడు. మర్నాడు పనిలోకి రావద్దన్నాడు. కూలి బాకీ సంగతి కూడా అక్కడితో ఆగిపోయింది. మేస్త్రి నా దగ్గరికి వచ్చింది ఫోను బాగు చేయించుకోవడానికి కాదు, అమ్మేయడానికి.

"లాక్ పెట్టుకోవచ్చు కదా" అని మీ సర్వీసు సెంటరులో కూర్చున్న కుర్రవాడు అంటాడు. మేస్త్రి వేలు పట్టుకుని చూడండి. సిమెంటుకు గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంటుంది. వేలిముద్ర సెన్సారు దాన్ని గుర్తుపట్టదు. సున్నం అంటిన చేత్తో గంటకు పదిసార్లు నాలుగంకెలు నొక్కలేక ఆయన లాక్ తీసేయించుకున్నారు. తీసింది నేనే. తాపీ పనివాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చేపలు కోసేవాళ్లు, పొగాకు నారు పీకేవాళ్లు చాలామంది ఇదే కారణం చెప్పి లాక్ తీయించుకుంటారు.

ఇది చదువురాని పేదవాళ్లకే జరిగే పొరపాటు అనుకోకండి. 2013లో అమెరికాలోని సిన్సినాటి ప్రాంత విమానాశ్రయం బోర్డు ఛైర్మన్ ఇటలీ వెళ్లి, అక్కడ తన సహచరుడితో మాట్లాడుతుండగా జేబులోని ఫోను విమానాశ్రయం ముఖ్య అధికారి సహాయకురాలికి కాల్ చేసింది. వాళ్లు మాట్లాడుకుంటున్నది ఆ ముఖ్య అధికారిని మార్చడం గురించే. ఆమె 91 నిమిషాలు విన్నది, రాసుకుంది, కొంత రికార్డు చేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. జేబులోంచి ఇలా కాల్ వెళ్లే అవకాశముందని తెలిసీ జాగ్రత్త పడనివాడు, కిటికీకి తెర వేసుకోని ఇంటివాడిలాంటివాడని, తన మాటలు రహస్యంగా ఉండాలని అతను ఆశించలేడని 2015లో అక్కడి ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అదే కాల్ నడుస్తుండగా హోటలు గదిలో ఆయనతో మాట్లాడిన భార్య మాటలకు మాత్రం ఆ రహస్య రక్షణ పోలేదన్నది. భర్త జేబుకు ఆవిడ ఎలా జవాబుదారీ అవుతుంది మరి.

కోర్టు తీర్పుతో నాకు పేచీ లేదు, ఆ కిటికీ పోలికతోనే ఉంది. కిటికీకి తెర నిజంగానే ఉంది. దాన్ని అటక మీద మూటగట్టి పెట్టి, ఉన్నట్టు ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు అమ్మింది మీరు.

ఆ తెర ఏమిటో జనానికి తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇప్పటి టచ్ స్క్రీను వేలి బరువుతో పని చేయదు. అద్దం కింద కంటికి కనబడని సన్నని విద్యుత్తు గీతల వల ఉంటుంది. కరెంటును పోనిచ్చే వస్తువు ఏది దగ్గరికి వచ్చినా ఆ వలలో చిన్న మార్పు వస్తుంది, ఫోను దాన్ని తాకిడిగా లెక్క వేసుకుంటుంది. మన ఒళ్లంతా అలాంటి వస్తువే. పలచని నూలు గుడ్డ అడ్డమున్నా, అది చెమటకు తడిస్తే అడ్డం లేనట్టే. మే నెలలో మా బేరం ఎందుకు పెరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. మరి ఫోను తనను తాను కాపాడుకోలేదా అంటే, కాపాడుకోగలదు. పైన చెవి పెట్టుకునే చోట ప్రాక్సిమిటీ సెన్సారు అని చిన్న కన్ను ఉంటుంది. అది కంటికి కనబడని వెలుతురు వదిలి, ఎదురుగా ఏదైనా ఉంటే తిరిగి వచ్చిన వెలుతురును బట్టి పసిగడుతుంది. చెవి దగ్గర పెట్టుకోగానే స్క్రీను ఆరిపోయేది దీనివల్లే. జేబులో దూరిన ఫోనుకు ఆ కన్ను మూసుకుపోతుంది. అంటే తాను జేబులో ఉన్న సంగతి ఫోనుకు తెలుసు. తెలిసిన సంగతిని పట్టించుకోవాలా వద్దా అన్నది మీరు రాసే సాఫ్ట్‌వేరు చేతిలో ఉంది.

ఇంకో వింత చెబుతాను. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మనిషి ఒంటి మీద ఉన్నానని గ్రహించే మరో ఏర్పాటు ఉంది. ఒకసారి లాక్ తీసిన ఫోను చేతిలోనో జేబులోనో కదులుతున్నంతసేపు మళ్లీ లాక్ పడకుండా చూడడం దాని పని! అదే తెలివిని జేబులో ఉన్నప్పుడు నోరు మూసుకుని ఉండడానికి వాడమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఇక మా అభ్యర్థనలు. ఒక్కొక్కదాని కింద అది ఎవరి కష్టమో కూడా రాస్తున్నాను.

1. జేబులో ఉన్నప్పుడు తాకిడిని పట్టించుకోని ఏర్పాటు, అంటే జేబు రక్షణ, ఫోను కొన్నప్పటి నుంచే పని చేస్తూ ఉండాలి. ఇది మీ ఫోన్లలో చాలావాటిలో ఇప్పటికే ఉంది. శాంసంగ్‌లో డిస్‌ప్లే సెట్టింగుల అడుగున ఉంటుంది. ఇంకొక కంపెనీ దాన్ని లాక్ స్క్రీను కింద పెడుతుంది, మరొకరు 'అదనపు సదుపాయాలు' అనే గుంపులో పడేస్తారు. పేర్లు కూడా వేరువేరు. ఫోను కొన్నవాడు దాన్ని వెతికి ఆన్ చేసుకోవాలట. ఉందని తెలియనిదాన్ని ఎవరు వెతుకుతారు? పుట్టుకతోనే ఆన్‌లో ఉంచండి, ఇష్టం లేనివాళ్లు వెతికి ఆపుకుంటారు. పేరు కూడా 'జేబు రక్షణ' అని సూటిగా పెట్టండి. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భాషలు చదివే వీలుండాలి. అక్షరాలైతే కనబడుతున్నాయి. ఆ తెలుగు మాత్రం తెలుగువాడికి అర్థం కావడం లేదు. ఒక ఫోనులో ఈ సెట్టింగు పేరు చదివి నాకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

2. సెన్సారును ఎత్తేయకండి. ధర తగ్గించడానికి కొన్ని చౌక ఫోన్లలో అసలు కన్ను తీసేసి, ఫోను కదలికను బట్టి, చెవికి వినబడని ధ్వనిని బట్టి ఏదో దగ్గరగా ఉందని సాఫ్ట్‌వేరుతో అంచనా కట్టిస్తున్నారు. నా అనుభవంలో అసలు కన్నుకూ ఆ అంచనాకూ పోలిక లేదు. అలాంటి ఫోను కొన్నవాళ్లు మాట్లాడుతుండగా చెంప తగిలి కాల్ కట్ అవుతోందని, మ్యూట్ పడుతోందని వస్తారు. ఎక్కువ జాగ్రత్త కావలసింది చౌక ఫోను కొనేవాడికే, తీసేసిందీ వాడి ఫోనులోనే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేస్తున్నారు కదా, లోపల అసలు సెన్సారు ఉందో లేదో కూడా వేయండి. టెలికాం శాఖ వారు దీన్ని తప్పనిసరి చేయాలి.

3. లాక్ పడిన ఫోనులో మీటలన్నీ ఆరుబయట ఉండకూడదు. స్క్రీను పై నుంచి కిందికి గీస్తే దిగే పలకలో టార్చి, నెట్, ఏరోప్లేన్ మోడ్ ఉంటాయి. చాలా ఫోన్లలో వీటికి లాక్ తీయనక్కర్లేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటారు, కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఒక రోజు పెద్దాయన ఫోను జేబులోనే ఏరోప్లేన్ మోడ్‌లోకి వెళ్లిపోయింది. కొడుకు రెండు రోజులు చేస్తూనే ఉన్నాడు, స్విచాఫ్ అని వస్తూనే ఉంది. మూడో రోజు పొద్దున అక్కడి నుంచి నాకు ఫోను చేసి, "మా నాన్న ఉన్నాడా అన్నా" అని అడిగాడు. గొంతు వణుకుతోంది. నేను వెళ్లేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని, కొడుకు ఎందుకు ఫోను చేయడం లేదో అని దిగులు పడుతున్నారు. పలక మీద ఒక్కసారి వేలు పెడితే అయిపోయింది, డబ్బులు కూడా తీసుకోలేదు. ఈ పలకను లాక్ తీస్తేనే దిగేలా మొదటి నుంచే ఉంచండి. ఫోను కొట్టేసిన దొంగ మొట్టమొదట నొక్కేది కూడా ఆ ఏరోప్లేన్ బొమ్మనే అని పోలీసులు మీకు చెప్పే ఉంటారు.

టార్చి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తొడ కాలేదాకా వెలుగుతుంది, సాయంత్రానికి చార్జింగు ఉండదు.

4. ఆపదలో పిలిచే 112 నంబరుకు పొరపాటున వెళ్లే కాల్స్. దీని గురించి జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే ఇందులో రెండు పక్కలా న్యాయం ఉంది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మన దేశంలో అమ్మే ప్రతి ఫోనులో ఆపద బటన్ ఉండాలి. టచ్ ఫోనులో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే, కీప్యాడ్ ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే సహాయానికి కాల్ వెళ్లాలి. ఐఫోనులో కూడా మన దేశం వరకు పక్క బటన్ మూడుసార్లు నొక్కితే చాలు. రాత్రి ఆటోలో ఒంటరిగా వెళ్తున్న ఆడపిల్ల, ఫోను బయటికి తీయకుండా సంచిలో చెయ్యి పెట్టి సహాయం పిలవగలగాలి. నేను దాన్ని తీసేయమని అడగడం లేదు, అడిగేవాణ్ని సమర్థించను కూడా.

కానీ మూడు నొక్కులంటే ఎంత సులువో చూడండి. పేవ్‌మెంటు మీద అమ్మే బిగుతు పౌచ్ తొడిగితే బటన్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. మోటారు సైకిలు మీద గతుకుల రోడ్డున వెళ్తే జీన్సు జేబు మిగతా పని చేస్తుంది. బ్రిటన్‌లో నొక్కవలసింది ఐదుసార్లు. అయినా 2023 జూన్‌లో, ఆండ్రాయిడ్‌లో వచ్చిన మార్పు వల్ల అక్కడి అత్యవసర నంబరు 999కు ఉలుకూ పలుకూ లేని కాల్స్ వెల్లువెత్తుతున్నాయని అక్కడి పోలీసులు మొత్తుకున్నారు. డెవన్ అండ్ కార్న్‌వాల్ పోలీసులకు ఒక ఆదివారం రాత్రి 12 నుంచి సాయంత్రం 7 వరకు అలాంటివి 169 వచ్చాయి. ఒక్కొక్కదాని సంగతి తేల్చడానికి 20 నిమిషాల వరకు పడుతుందన్నారు. అడిగితే, తమ ఫోనులో అది ఎలా పని చేయాలో నిర్ణయించుకునేది తయారీదారులే అని గూగుల్ అన్నది. తయారీదారుణ్ని అడిగితే అప్‌డేట్ చేసుకోమంటాడు. నా మూడు ఉత్తరాల కథ అక్కడ కూడా నడిచిందన్నమాట. ఐదు నొక్కులకే అంత గోలైతే మూడు నొక్కుల మాటేమిటి?

కాబట్టి అడిగేది ఇది. జేబులో ఉన్నప్పుడు స్క్రీను మీది తాకిడిని పూర్తిగా ఆపండి, లాక్ స్క్రీను మీది 'అత్యవసర కాల్' అక్షరాలతో సహా. పవర్ బటన్‌ను మాత్రం ఎప్పటిలా ఉంచండి. గుడ్డ మోసం చేసేది స్క్రీనునే, బటన్‌ను అంత తేలిగ్గా చేయలేదు. బటన్ నొక్కుడు పడ్డాక కాల్ వెళ్లేలోపు కొన్ని క్షణాలు ఒంటికి తెలిసేలా గట్టిగా అదరాలి, మోగకూడదు. మోగితే ఆ ఆటోలో ఉన్న అమ్మాయికే ప్రమాదం. ఫోను మొదటిసారి తెరిచినప్పుడే ఈ బటన్ సంగతి తెలుగులో చెప్పి, ఒకసారి ఉత్తుత్తిగా చేయించి చూపాలి. ఇక అధికారులకు ఒక మనవి: 112కు వచ్చే కాల్స్‌లో పొరపాటున వచ్చేవి ఎన్ని, అవి బటన్ వల్లా స్క్రీను వల్లా అన్న లెక్క ఏటా ప్రకటించండి. లెక్క బయటికి వస్తే ఏ కంపెనీ ఫోను ఎంత అల్లరి చేస్తోందో తెలుస్తుంది, ఆ తరువాత వాళ్లే దారికొస్తారు.

5. ఒక్క తాకిడిని ఒప్పుదల అనుకోకండి. ఈ మాట నేను కొత్తగా కనిపెట్టలేదు. ఒకప్పుడు కీప్యాడ్ ఫోను మీద జ్యోతిషం, క్రికెట్ స్కోరు అంటూ సందేశాలు వచ్చేవి, జేబులో ఓకే నొక్కుకుంటే బ్యాలెన్సు కోసేవారు. రీచార్జి చేసిన నేనే ఆ డబ్బు తినేశానని జనం నాతో పోట్లాడేవారు. చివరికి 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, అలాంటి సేవలకు వినియోగదారు రెండోసారి ఒప్పుకుంటేనే డబ్బు తీసుకోవాలని ఆదేశించింది. అదే నీతి ఇప్పుడు కాల్స్‌కు, వీడియో కాల్స్‌కు, సందేశాలకు ఎందుకు వర్తించదు? ఆఖరి కాల్ పేరు మీద తాకగానే కాల్ వెళ్లకుండా పక్కకు జరిపితే వెళ్లేలా చేయండి. కాల్ ముగిసిన వెంటనే స్క్రీను ఆరిపోయేలా చేయండి. మేస్త్రి పని నిలబడేది.

డబ్బు విషయంలో లేనిపోని భయం పెంచను. యూపీఐలో పిన్ నొక్కకుండా జేబు అంత తేలిగ్గా డబ్బు పంపలేదు. పరువు పోవడానికి మాత్రం పిన్ అక్కర్లేదు. మా బంధువుల వాట్సాప్ గుంపులో ఒకాయన జేబు, చావు కబురు కింద పకపక నవ్వే బొమ్మ పెట్టింది. పెద్ద కర్మ రోజున ఆయన్ని ఎవరూ పలకరించలేదు.

6. సర్వీసు సెంటరులో కూర్చునేవారికి ఈ సంగతి నేర్పండి. ఇది రిపేరు కాదు, రెండు నిమిషాల సెట్టింగు. దానికి ఫోను మొత్తం చెరిపేయించుకున్న ఒక తల్లి, చనిపోయిన కూతురి గొంతు రికార్డులు పోగొట్టుకుంది. ఇంతకంటే రాయలేను.

మా తోటి రిపేరువాళ్ల తప్పు కూడా దాచను. సెన్సారు దగ్గర కోత లేని మందపాటి టెంపర్డ్ గ్లాసు అంటించి పంపేది మనమే. దాని మీద టచ్ సరిగా పడటం లేదని వస్తే, సెట్టింగుల్లో టచ్ సున్నితత్వం పెంచి పంపేదీ మనమే. పెంచితే వేలితో పాటు జేబు గుడ్డ కూడా బాగా పని చేస్తుంది. డిస్‌ప్లే మార్చినప్పుడు సెన్సారు చుట్టూ ఉండే చిన్న రబ్బరును పారేయడం ఇంకో అలవాటు. మా మండలంలో నలుగురం మాట్లాడుకుని ఈ మూడూ మానేశాం.

జనానికి కూడా రెండు ముక్కలు. మీ షాపువాడి దగ్గర జేబు రక్షణ ఆన్ చేయించుకోండి, రెండుసార్లు తట్టితే స్క్రీను వెలిగే ఏర్పాటును ఆపించుకోండి. ఫోనును జేబులో స్క్రీను బయటివైపు ఉండేలా పెట్టుకోండి. పొరపాటున 112కు కాల్ వెళ్తే భయపడి కట్ చేయకండి, లైనులో ఉండి పొరపాటని చెప్పండి. బ్రిటన్ పోలీసులు అడిగిందీ అదే. కట్ చేస్తే మీకు ఏమైందోనని అవతలివాళ్లు వెతకాల్సి వస్తుంది.

నోకియా ఫోన్ల రోజుల్లో ఎడమ మీట, వెంటనే స్టార్ మీట నొక్కితేనే కీప్యాడ్ తెరుచుకునేది. ఆ రెండు మీటలూ జేబులో వరసగా పడటం నేను చూడలేదు. ఆ ఫోను వెల ఇప్పటి మీ చౌక ఫోను వెలలో ఎంతో ఆలోచించండి.

ఈ లేఖ ప్రతిని మూడు నెలలు నా షాపు గోడకు అంటించి ఉంచుతున్నాను. పక్కన అంతే కొలతలో ఒక తెల్ల కాగితం కూడా అంటించాను, మీ జవాబు కోసం. దయచేసి తెలుగులో రాయండి. మేస్త్రి వారం వారం వచ్చి అడుగుతున్నారు. నేను ఇచ్చిన పాత కీప్యాడ్ ఫోను వాడుతున్నారు, ఎవరికైనా డబ్బు పంపాలంటే కొడుకు ఇంటికి వచ్చేదాకా ఆగుతున్నారు.

ఇట్లు,
బస్టాండు ఎదుటి సెల్ రిపేరు షాపు యజమాని